చక్రం నట్టు ఎంత బిగించాలి?

మన పల్లెల్లో ఇప్పుడు పాత కారు కొనుక్కున్న కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఆయిల్ మార్చుకోవడం, చక్రం విప్పి స్టెప్నీ వేసుకోవడం వంటి పనులు ఇంటి దగ్గరే చేసుకుంటున్నారు. మంచిదే. అయితే నట్టు ఎంత బిగించాలి అని అడిగితే అందరి జవాబు ఒక్కటే: "చేతికి తెలుస్తుందండీ." చేతికి తెలియదనే మేము చెబుతాము.

లెక్క చూడండి. బలాన్ని పానా పొడవుతో హెచ్చిస్తే వచ్చేదే టార్క్. దాన్ని న్యూటన్ మీటర్లలో చెబుతారు. మేము నడిపే పాత ఆల్టోకు చక్రం నట్లు 85 న్యూటన్ మీటర్లు బిగించాలని బండితో వచ్చిన పుస్తకంలో ఉన్నది. మీ బండి అంకె మీ పుస్తకంలోనే చూసుకోవాలి. పావు మీటరు వీల్ పానా చివర 70 కిలోల మనిషి ఎక్కి నిలబడితే పడేది సుమారు 170. అంటే కావలసిన దానికి రెట్టింపు! అదే పానాతో పదిహేనేళ్ళ పిల్లవాడు ఒంటిచేత్తో బిగిస్తే సగం కూడా రాకపోవచ్చు. తక్కువైతే నట్టు దారిలో వదులవుతుంది. ఎక్కువైతే బోల్టు సాగుతుంది, మరలు పాడవుతాయి, అవసరానికి ఊడిరాదు.

ఆ ఊడిరాకపోవడం మేము కళ్ళారా చూశాము. ఒక రాత్రి నొప్పులు పడుతున్న ఒక సహోదరిని టౌను ఆసుపత్రికి తీసుకువెళుతుండగా టైరు పంక్చరయింది. అంతకు ముందు వారమే రోడ్డు పక్క షాపులో గాలి గన్నుతో బిగించిన చక్రం అది. మేము, ఆమె భర్త మార్చి మార్చి పానా ఎక్కి తొక్కినా మూడు నట్లే వచ్చాయి. నాలుగోది దారిన పోతున్న లారీ డ్రైవరు దిగి, పానాకు ఇనుప గొట్టం తొడిగి తిప్పితే కదిలింది. అరగంట పైగా పోయింది. వెనుక సీటులో ఆమె పడిన బాధ మాకు ఇప్పటికీ గుర్తున్నది. దేవుని కృపవలన తల్లీ బిడ్డా క్షేమంగా ఇల్లు చేరారు. ఆ నెలలోనే మేము టార్క్ రెంచి కొన్నాము.

కొనేటప్పుడు మూడు రకాలు చూశాము. సాదా అయినది ముల్లు రకం. కడ్డీ వంగిన కొద్దీ ముల్లు అంకె చూపిస్తుంది. చెడిపోయే భాగాలు దాదాపు లేవు. కాని ముల్లుకు తిన్నగా ఎదుటినుంచి చూడాలి. మోకాళ్ళ మీద కూర్చుని టార్చిలైటు వెలుగులో అది కష్టమే. రెండవది టిక్కుమనే రకం. పిడి తిప్పి అంకె పెట్టుకుంటే, అంత బిగువు రాగానే టిక్కుమని చేతికి తెలుస్తుంది. మూడవది బ్యాటరీతో నడిచేది. ఏడాదికి నాలుగైదుసార్లు వాడే ఇంటికి అది దండుగ అని మా అభిప్రాయం.

టిక్కు రకంలో అర అంగుళం చదరపు తల ఉండి, 28 నుండి 210 వరకు కొలిచేవి రెండు మూడు వేల రూపాయలలో దొరుకుతాయి. మన 85 అందులో హాయిగా ఇముడుతుంది. కొలత అడుగు అంకెల దగ్గర వీటిని నమ్మలేము. కనుక స్పార్కు ప్లగ్గులకు ఇది పనికిరాదు. వాటికి చిన్న రెంచి వేరే కావాలి. "అన్నిటికీ ఇదొక్కటే చాలు" అని దుకాణదారుడు అంటాడు, వినకండి. పిడి మీద న్యూటన్ మీటర్ల అంకెలు ఉన్నాయో లేదో చూడండి. కొన్నిటి మీద అడుగు పౌండ్లే ఉంటాయి. అక్కడ 85 పెడితే 115 న్యూటన్ మీటర్లు పడుతుంది.

చవక సరుకు నిజం చెబుతున్నదా అనే అనుమానం సహజమే. ఇంట్లోనే ఒక మోస్తరుగా పరీక్షించవచ్చు. చదరపు తలను వైసులో బిగించి, రెంచిని నేలకు సమంగా ఉంచి, పిడి మధ్యలో 20 కిలోల బియ్యం సంచి మెల్లగా వేలాడదీయండి. తల నుండి అక్కడికి 40 సెంటీమీటర్లుంటే అది 78. రెంచి సొంత బరువుకు మరో రెండు మూడు కలపండి. 75 దగ్గర పెట్టినప్పుడు టిక్కుమని, 90 దగ్గర పెట్టినప్పుడు ఊరుకుంటే ఇంటి పనికి చాలు.

నట్లను ముందు మామూలు పానాతో ఎదురెదురుగా బిగించి, జాకీ దించాకే రెంచి పట్టాలి. మరలకు ఆయిల్ రాయవద్దు. టిక్కుమన్నాక ఇంకొక్క తోపు తోయాలని చేతికి అనిపిస్తుంది, తోయకూడదు. ఓ 50, 100 కిలోమీటర్లు తిరిగాక మరలా చూసుకోవాలి. పని కాగానే పిడిని అడుగు అంకెకు తిప్పి డబ్బాలో పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగు బలం తగ్గుతుంది. నట్లు ఊడదీయడానికి దీనిని వాడకూడదు. ఎవరైనా అందుకోసం ఎరువడిగితే మేము మామూలు పానా ఇచ్చి పంపుతున్నాము, దానితోపాటు ఒక ఇనుప గొట్టం కూడా.