చౌకబేరము

బజారునుండి తిరిగి వచ్చినవారిని మన యిండ్లలో మొదట నడుగు ప్రశ్న "ఎంత?" అని. చెప్పిన మొత్తము తక్కువైనచో కొన్నవారు గడుసరులు, ఎక్కువైనచో అమాయకులు. వస్తువు గుణము పిమ్మటి మాట. ఈ మాసమున మా యింటికి వచ్చిన మూడు వస్తువులను ముందిడుకొని, యీ గడుసుదనమును గూర్చి కొంచెము విచారింపదలచితిమి.

మొదటిది పుస్తకము. హైదరాబాదున ఆబిడ్సు వీథులలో ఆదివారమునాడు అంగళ్లు మూసియుండగా, వాని ముందటి కాలిబాటలపై పాత పుస్తకములు పరచి యమ్ముదురు. పాత గ్రంథములు సేకరించుట మాకొక వేడుక. అక్కడ బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము మాకు దొరకినది. 1885లో మొదట వెలువడిన యా నిఘంటువు నేటికిని చదువరుల బల్లపై నుండదగినదే. అట్ట యూడినది, పుటలన్నియు నున్నవి. అమ్మువాడు 250 రూపాయలడిగెను, బేరమాడక యిచ్చితిమి. చిత్తుకాగితముల తూకమునకు పోవలసినదానిని ఎండలో కూర్చుండి కాపాడినవానికి లాభము, మాకు గ్రంథము. ఇందెవ్వరికిని నష్టము లేదు. ఇది నిజమైన చౌక.

రెండవది ప్రెషరు కుక్కరు. ఒక యంగడిలో రెండు చూపిరి. ఐ.యస్.ఐ. ముద్ర గలదానికంటె ముద్ర లేనిది 600 రూపాయలు తక్కువ. "రెండింటను ఉడుకునది యన్నమే గదా!" అని యంగడివారు నవ్విరి. కాని ఆవిరిని బిగబట్టి వండు పాత్రలో, మూతమీది రంధ్రము మూసికొనిపోయినపుడు సేఫ్టీ వాల్వు తన పని చేయవలయును. చేయునో లేదో కొనునపుడు కంటికి తెలియదు. ముద్ర యేర్పడినది అందులకే. 2021 ఫిబ్రవరి 1వ తేదీనుండి ఆ ముద్ర లేని యింటి కుక్కరు నమ్మరాదని శాసనము గలదు. అట్లు మిగులు 600 రూపాయలు పొయ్యివద్ద నిలుచువారి మేనిపై ఒడ్డిన పందెము. మన యిండ్లలో తఱచుగా ధర నిర్ణయించువారు పురుషులు. పొయ్యివద్ద నిలుచువారు స్త్రీలు. పందెము కట్టువారొకరు, ఓడువారు వేఱొకరు. మేము ముద్ర గలదానినే కొంటిమి.

మూడవది చీర. నూలును ముందుగా ముడులు కట్టి, రంగులో ముంచి, పిమ్మట నేయుట పోచంపల్లి పద్ధతి. అందుచేత చిత్రము గుడ్డకు రెండు వైపులను ఒక్కతీరుగ నగుపడును. గీతల యంచులు కొంచెము చెదరియుండును. ఆ చిత్రమునే యంత్రముతో అచ్చువేసిన గుడ్డ వెనుకవైపున వెలవెలబోవును. అట్టిది నాలుగవవంతు వెలకే దొరకుచుండగా, మా గృహిణి 2006లో ప్రభుత్వము ప్రవేశపెట్టిన చేనేత ముద్రను చూచి మగ్గపు చీరనే తెచ్చెను. ఇంటికి వచ్చిన బంధువొకరు వెల విని, "మోసపోయితిరి, వదినగారూ!" అనిరి. "మోసపోలేదు నాయనా. మీ అన్నగారి పుస్తకము విద్యయు, నా చీర విలాసమును అనుకొంటివా? నేను మిగుల్చు రూపాయి నేతగాని కంచములోనిది కాగూడదు" అని యామె యుత్తర మిచ్చెను.

నిరుపేదలు చౌకను వెదకుట దోషము కాదు. వారికి వేఱు దారి లేదు. మా మాట యెన్నుకొను శక్తి గల కుటుంబములతో మాత్రమే. కూరల బుట్ట ముందు రెండు రూపాయలకై గడియసేపు వాదించి, అద్దాల అంగడిలో అచ్చువేసిన వెలను మాటాడక చెల్లించుట మనలో నెందఱికో యలవాటు. అచ్చువేసిన వెల గరిష్ఠపు వెల మాత్రమే యనియు, అంతకు తగ్గించి యమ్మవచ్చుననియు ఎఱిగియు నోరు మెదపము. బలవంతునియెదుట మౌనము, బలహీనునియెదుట వాదము: ఇది పొదుపు కాదు.

కావున ఈ మాసమునుండి మా యింటి జమాఖర్చుల పుస్తకమున "ఎంత తగ్గినది" అను గడి ప్రక్కన "ఎవరికి తగ్గినది" అను మఱియొక గడి గీసితిమి. దానిని ఆలుమగలిద్దరును కలిసి నింపవలయునని నియమము. చదువరులును తమ యిండ్లలో ఒక్క మాసము గీసి చూతురుగాక.