మానిటర్ అడిగాకే ప్రాసెసర్

గేమింగ్ పీసీ కావాలని వచ్చినవాళ్లని నేను మొదట మానిటర్ గురించి అడుగుతాను. ఎన్ని హెర్ట్జ్‌లది, ఫుల్ హెచ్‌డీయా, టూకేనా, ఫోర్‌కేనా అని. పని కోసం వచ్చినవాళ్లనైతే వాళ్లు రోజూ తెరిచే ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో తెమ్మంటాను. ఈ రెండూ తెలియకుండా ‘ఇంటెలా, ఏఎండీయా’ అన్న ప్రశ్నకి జవాబు చెప్పడం నాకు చేతకాదు. చెప్పగలిగేవాళ్లని నేను నమ్మను కూడా.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. అందరూ సీటీసీ అంటారు. అక్కడ సిస్టమ్‌లు అసెంబుల్ చేయడమే నా పని. కరీంనగర్, మెదక్, నల్లగొండ, కర్నూలు, ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఈ మధ్య వచ్చేవాళ్లలో చాలామంది ప్రాసెసర్ పేరు ముందే అనుకుని వస్తున్నారు.

సిద్దిపేట నుంచి తండ్రీకొడుకులు వచ్చారు. పిల్లాడు ఇంజినీరింగ్‌లో చేరాడు. కౌంటర్ దగ్గరికి రాగానే అడిగాడు.

“అన్నా, 9800ఎక్స్3డీ ఉందా?”

“ఉంది తమ్మీ. మానిటర్ ఏది వాడుతున్నవ్?”

“ఇంట్ల పాతది ఉందన్నా. 60 హెర్ట్జ్‌ది.”

“గ్రాఫిక్స్ కార్డు?”

“మిగిలిన పైసల్ల ఏదొస్తే అది.”

ఇక్కడే నేను ఆగుతాను. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకి 60 బొమ్మలే చూపిస్తుంది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి ఆటల్లో ఆ ప్రాసెసర్ సెకనుకి కొన్ని వందల ఫ్రేములకి దారివ్వగలదు. వాటిలో ఎక్కువ భాగం ఆ తెర మీదకి రానేరావు. పైగా బడ్జెట్‌లో సింహభాగం ప్రాసెసర్ తినేస్తే గ్రాఫిక్స్ కార్డుకి మిగిలేది తక్కువ. బరువైన ఆటల్లో తెర మీద కనిపించే బొమ్మని గీసేది ఆ కార్డే కదా. ఆ పిల్లాడికి ఏఎండీ రైజెన్ 5 7600 చెప్పాను. 6 కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్లు, పెట్టెలోనే కూలర్ వస్తుంది. మిగిలిన డబ్బుతో కాస్త మంచి గ్రాఫిక్స్ కార్డు, 144 హెర్ట్జ్ మానిటర్. తండ్రి అంతా విని ఒకే మాట అడిగారు: “సార్, చదువుకు గూడ పనికొస్తదా ఇది?” పనికొస్తుంది. కోడింగ్‌కి, ప్రాజెక్టులకి ఆ ఆరు కోర్లు చాలు. రేపు చాలకపోతే అదే బోర్డులో పెద్ద ప్రాసెసర్ వేసుకోవచ్చు.

అలాగని ఏఎండీ ఎక్స్3డీ ప్రాసెసర్లకి వచ్చిన పేరు ఉత్తిది కాదు. ఆటలో ప్రతి ఫ్రేముకీ శత్రువు ఎక్కడున్నాడు, తూటా ఎటు పోయింది, ఏ తలుపు తెరిచి ఉంది అనే చిన్న చిన్న సమాచారం ప్రాసెసర్‌కి మళ్లీ మళ్లీ కావాలి. అది చిప్‌లోని క్యాష్ మెమరీలో దొరికితే పని చిటికెలో అయిపోతుంది. దొరకకపోతే ర్యామ్ దాకా వెళ్లాలి. పోపులపెట్టె పొయ్యి పక్కనే ఉండటానికీ, ఆవాల కోసం ప్రతిసారీ వీధి చివరి కిరాణా కొట్టుకి పోవడానికీ ఉన్నంత తేడా. మామూలు ఎనిమిది కోర్ల రైజెన్‌లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 5800ఎక్స్3డీలో చిప్ మీద మరో 64 ఎంబీ పొరని అంటించి 96 ఎంబీ చేశారు. 2023లో వచ్చిన 7800ఎక్స్3డీలోనూ అదే పద్ధతి. ఆ పొర కోర్ల నెత్తిన కూర్చోవడంతో కింది వేడి కూలర్‌కి చేరడం కష్టమయ్యేది, అందుకని వేగాన్ని కొంచెం తగ్గించి ఉంచేవాళ్లు. 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డీలో ఆ పొరని కోర్ల కిందికి మార్చారు. వేడి నేరుగా పైకి పోతుంది, వేగం 5.2 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. గేమింగ్‌లో ఇంతకంటే తెలివైన ఇంజినీరింగ్ నేను చూడలేదు. 240 హెర్ట్జ్ మానిటర్, దానికి తగ్గ గ్రాఫిక్స్ కార్డు ఉండి, పోటీ ఆటలు సీరియస్‌గా ఆడేవాళ్లకి నేను మరో పేరు చెప్పను.

ఫోర్‌కే మానిటర్ ఉన్నవాళ్ల కథ వేరు. ఫోర్‌కేలో గీయాల్సిన చుక్కలు ఫుల్ హెచ్‌డీ కంటే నాలుగు రెట్లు. భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది. మధ్యరకం ప్రాసెసర్‌కీ, అన్నిటికంటే ఖరీదైనదానికీ చాలా ఆటల్లో తేడా వెతుక్కోవాలి. రివ్యూల గ్రాఫ్‌లలో కనిపించే పెద్ద పెద్ద తేడాలు సాధారణంగా ఫుల్ హెచ్‌డీలో, అన్నిటికంటే శక్తివంతమైన గ్రాఫిక్స్ కార్డు పెట్టి తీసినవి. ప్రాసెసర్ బలం విడిగా తేలాలంటే పరీక్ష అలాగే చేయాలి, అందులో తప్పు లేదు. మన ఇంటి సిస్టమ్ ఆ పరీక్ష సిస్టమ్ కాదని గుర్తుంటే చాలు.

ఇక పని సంగతి. ఇక్కడ ‘ప్రొడక్టివిటీ’ అని ఒకే మాటతో అన్నిటినీ చుట్టేయడం నాకు ససేమిరా నచ్చదు. ఏ సాఫ్ట్‌వేర్ అన్నదే అసలు ప్రశ్న.

వరంగల్ నుంచి పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒకాయన వచ్చారు. పదహారు కోర్ల రైజెన్ 9 తీసుకుంటే ప్రీమియర్ ప్రోలో టైమ్‌లైన్ జారిపోయినట్టు నడుస్తుందని ఆయన లెక్క. కెమెరా ఫైలు తెమ్మన్నాను. తెరిచి చూస్తే హెచ్.265లో, 10 బిట్, 4:2:2. ఈమధ్య సోనీ కెమెరాలు వాడే ఫొటోగ్రాఫర్లలో ఈ ఫార్మాట్ మామూలైపోయింది. రంగులు సరిచేసుకోవడానికి అద్భుతంగా ఉంటుంది కానీ విప్పడం కష్టం. దీన్ని హార్డ్‌వేర్‌లో విప్పే సౌకర్యం ఇంటెల్ ప్రాసెసర్‌లలోని గ్రాఫిక్స్‌కి, క్విక్ సింక్ పేరుతో, 11వ తరం నుంచే ఉంది. రైజెన్‌లోని చిన్న గ్రాఫిక్స్‌కి లేదు. ఎన్‌విడియా కార్డుల్లో 2025లో వచ్చిన 50 సిరీస్‌తోనే మొదలైంది. ఆయన దగ్గర ఉన్నది అంతకంటే పాత కార్డు. అందుకని ఆయనకి కోర్ అల్ట్రా 7 265కె చెప్పాను. 8 పెద్ద కోర్లు, 12 చిన్న కోర్లు, మొత్తం 20. వచ్చినప్పటికంటే ధర కూడా బాగా దిగింది.

“కెఎఫ్ తీసుకుంటే ఇంకొంచెం తగ్గుతది గదన్నా?” అన్నారు. తగ్గుతుంది. కానీ ఆ చివరి ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌లో లోపలి గ్రాఫిక్స్ పనిచేయదు, దాంతోపాటు క్విక్ సింక్ కూడా పోతుంది. ఆయన ఏ సౌకర్యం కోసం ఇంటెల్ వైపు వస్తున్నారో అదే వదులుకున్నట్టు. ఆటలకి ఎఫ్ రకం చక్కగా సరిపోతుంది. ఎడిటర్లు మాత్రం దాని జోలికి పోకపోవడమే మేలు.

బ్లెండర్‌లోనో వీరేలోనో ప్రాసెసర్ మీదే రెండర్ చేసేవాళ్లకి ఎన్ని కోర్లుంటే అంత లాభం. ఎనిమిది కోర్ల 9800ఎక్స్3డీ ఈ పనిలో 265కె కంటే చాలా వెనకబడుతుంది. ఆటలూ రెండరింగూ రెండూ కావాలి, డబ్బు కూడా ఉందంటే 9950ఎక్స్3డీ ఉంది. 16 కోర్లు, రెండు ముక్కలుగా. అదనపు క్యాష్ ఒక ముక్కకే ఉంటుంది. ఆట మొదలవగానే ఆ ముక్క మీదే నడవాలి, రెండోది పక్కన కూర్చోవాలి. ఆ ఏర్పాటు చూసేది చిప్‌సెట్ డ్రైవర్, విండోస్‌లోని గేమ్ బార్ కలిసి. కాబట్టి ఈ ప్రాసెసర్ వేసిన సిస్టమ్‌కి నేను విండోస్ కొత్తగా ఎక్కించి, డ్రైవర్ వేసి, గేమ్ బార్ ఉందో లేదో చూశాకే అప్పగిస్తాను. పాత హార్డ్ డిస్క్ తెచ్చి ‘దీన్నే తగిలించండి’ అంటే ఒప్పుకోను.

ఆటోక్యాడ్‌లో ప్లాన్లు గీసే సివిల్ ఇంజినీర్లకి మళ్లీ లెక్క మారుతుంది. ఆ సాఫ్ట్‌వేర్ చాలావరకు ఒక్క కోర్ మీదే నడుస్తుంది. వాళ్లకి వేగంగా నడిచే ఆరు కోర్లు చాలు. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసేవాళ్లకి కోర్లతోపాటు 32 జీబీ ర్యామ్ తప్పనిసరి అని చెప్తాను. నాలుగు తెరలు పెట్టుకుని షేర్ ట్రేడింగ్ చేసేవాళ్లకి ప్రాసెసర్ గొడవే లేదు, నాలుగు డిస్‌ప్లే పోర్టులున్న కార్డు చూసుకుంటే సరి.

మన ఊళ్ల సంగతి విదేశీ రివ్యూల్లో ఉండదు. మే నెలలో హైదరాబాద్ ఎండ 40 దాటుతుంది. ఏసీ లేని పై అంతస్తు గదిలో సిస్టమ్ పీల్చుకునే గాలే వేడిగా ఉంటుంది. కోర్ ఐ9 14900కె గరిష్ఠంగా 253 వాట్లు తీసుకునేలా ఇంటెల్ నిర్ణయించింది. దానికి 250 వాట్ల గ్రాఫిక్స్ కార్డు తోడైతే 500 దాటింది. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సుమారు 360 వాట్లు. రెండర్ నడుస్తుండగా కరెంటు పోతే యూపీఎస్ కూడా ఆ క్షణమే చేతులెత్తేస్తుంది. అదే 65 వాట్ల ప్రాసెసర్, 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060 అయితే మానిటర్‌తో సహా ఆ యూపీఎస్ మీదే ఫైలు సేవ్ చేసుకునే వ్యవధి దొరుకుతుంది. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తాను. చాలామంది అక్కడే మనసు మార్చుకుంటారు.

13, 14 తరాల ఇంటెల్ ప్రాసెసర్ల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. వాటిలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ అందుకుని కాలక్రమేణా దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెలే ప్రకటించింది. మైక్రోకోడ్ దిద్దుబాట్లు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. కొత్తది కొంటే బోర్డు బయాస్ తాజాది చేయించుకుంటే సరిపోతుంది. సెకండ్‌హ్యాండ్‌లో కె రకం ఐ7, ఐ9 చవగ్గా దొరుకుతోందంటే మాత్రం తొందరపడొద్దు. దిద్దుబాటు రాకముందు అది ఎన్నాళ్లు ఎలా నడిచిందో తెలుసుకునే దారి లేదు. మైక్రోకోడ్ ఇకముందు నష్టాన్ని ఆపుతుందే గానీ జరిగిన నష్టాన్ని పూడ్చదు.

బోర్డు ఆయుష్షు కూడా నేను ధరలో భాగంగానే చూస్తాను. 2017లో మొదటి రైజెన్‌తో ఏఎం4 బోర్డు కొన్నవాళ్లలో చాలామంది బయాస్ మార్చుకుని 5000 సిరీస్ దాకా అదే బోర్డుతో వచ్చారు. ఏఎం5ని 2027 వరకూ, ఆపైనా నడుపుతామని ఏఎండీ చెప్పింది. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్ మూడు తరాలు చూసింది, కోర్ అల్ట్రా 200 సిరీస్‌కి సాకెట్ మారింది. బీ450 బోర్డు, రైజెన్ 5 2600 ఉన్నవాళ్లు ఎవరైనా వస్తే సిస్టమ్ మొత్తం మార్చమని చెప్పను. పాత ప్రాసెసర్ ఉండగానే బయాస్ అప్‌డేట్ చేసి, 5700ఎక్స్ లాంటిది వేయమంటాను. డీడీఆర్4 ర్యామ్ అలాగే పనికొస్తుంది. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు ఎలా ఎగబాకాయో చూశాక ఈ సలహా మరింత గట్టిగా ఇస్తున్నాను. ఏఎం4 కూలర్ విప్పేటప్పుడు మాత్రం నేరుగా పైకి లాగొద్దు. సిస్టమ్ కాసేపు నడిపి, వేడెక్కాక, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి. లేకపోతే పేస్ట్‌కి అతుక్కుని ప్రాసెసర్ కూడా ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి.

ఏఎం5 సిస్టమ్ ఇంటికెళ్లాక ర్యామ్ మార్చి మొదటిసారి ఆన్ చేస్తే కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు. అది ర్యామ్‌ని సరిచూసుకుంటోంది. కంగారుపడి స్విచ్ ఆపేయకండి. 6000 ర్యామ్ కొని, దాన్ని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌పోని బయాస్‌లో ఆన్ చేయకుండా 4800 దగ్గరే నడుపుతున్నవాళ్లు ఎంతమందో. ఒకే పెద్ద స్టిక్ బదులు రెండు తీసుకోండి. నాలుగు వేస్తే మళ్లీ వేగం పడిపోతుంది. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామన్న, పెట్టె లేని ట్రే పీసు వద్దు. పెట్టె ప్రాసెసర్‌కి ఉండే మూడేళ్ల కంపెనీ వారంటీ దానికి దొరకదు.

కొత్త ప్రాసెసర్ కొనేముందు ఒక్క పని చేయండి. మీ పాత సిస్టమ్‌లో, మీరు ఆడే ఆటనే, మీరు ఆడే సెట్టింగుల్లోనే పెట్టి టాస్క్ మేనేజర్ తెరవండి. సీపీయూ శాతాన్ని పట్టించుకోకండి. ఎనిమిది కోర్లలో రెండు మూడే నిండా పనిచేస్తున్నా అక్కడ 30, 40 శాతమే కనిపిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు శాతం చూడండి. అది 95 దాటి నిలకడగా ఉంటే ప్రాసెసర్ మారిస్తే ఒరిగేదేమీ లేదు, డబ్బు కార్డు మీద పెట్టండి. ఫ్రేములకి ఏ పరిమితీ పెట్టకుండానే అది 60, 70 దగ్గర ఊగుతూ ఆట తడబడుతుంటే ప్రాసెసర్ చాలట్లేదన్నమాట. ఆ తెరని ఫోన్‌లో ఫొటో తీసుకుని, మానిటర్ మోడల్ నంబరు రాసుకుని షాపుకి రండి.