హార్సిలీ హిల్స్‌లో ఒక రోజు: కొండగాలి మందవుతుందా?

"డాక్టరు గారూ, నాలుగు రోజులు కొండ ప్రాంతానికి వెళ్ళి గాలి మార్చుకొస్తే ఒంట్లో నలత పోతుందంటారు. నిజమేనా?"

ఈ ప్రశ్న అడగని వారు అరుదు. రిటైరైన ఉద్యోగులు, నిద్రపట్టని గృహిణులు, నెలల తరబడి దగ్గుతున్న రోగులు, అందరిదీ ఇదే మాట. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కష్టం. మొన్న చలికాలం మొదట్లో నేనూ మా ఆవిడా హార్సిలీ హిల్స్‌లో ఒక రోజు తీరిగ్గా గడిపి వచ్చాం. ఆ రోజు ముచ్చట చెబుతూనే, కొండ మనకు ఏమి ఇస్తుందో, ఏమి ఇవ్వలేదో వివరిస్తాను.

ఘాట్ రోడ్డు

మదనపల్లె నుంచి హార్సిలీ హిల్స్ సుమారు 30 కిలోమీటర్లు. టమాటా లారీల సందడి దాటి ఊరు విడిస్తే బండలు, గుట్టలు, వేరుశెనగ చేలు. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ పాఠశాల కూడా ఈ చుట్టుపక్కలే ఉంది. తరువాత మలుపులు తిరుగుతూ కొండ ఎక్కే దారి మొదలవుతుంది.

మా ఆవిడకు ఘాట్ రోడ్డంటే వాంతుల భయం. చాలామంది ఆడవాళ్ళు, పిల్లలు ఈ బాధకు భయపడి ఏమీ తినకుండా బయలుదేరుతారు. అది పొరపాటు. ఖాళీ కడుపు కూడా వికారాన్ని పెంచుతుంది. రెండు ఇడ్లీలు తిని బయలుదేరండి. ముందు సీటులో కూర్చోండి. పుస్తకం, సెల్‌ఫోను పక్కన పెట్టి దూరంగా ఉన్న కొండ మీద చూపు నిలపండి. వాంతులు రాకుండా మాత్ర వేసుకోదలిస్తే డాక్టరును అడిగి ప్రయాణానికి కొంత ముందుగానే వేసుకోవాలి. ఇటువంటి మాత్రలు చాలావరకు మగత తెస్తాయి కనుక బండి నడిపేవారు వేసుకోరాదు. మా ఆవిడ ఇవన్నీ పాటించి, కిటికీ అద్దం దించుకుని, చివరి మలుపు దాకా కబుర్లు చెబుతూనే ఉంది.

పైన ఏమి మారుతుంది?

ఈ కొండ పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే ఆమెకు ఏనుగులే తిండి తెచ్చిపెట్టేవనీ, ఆమె ఇక్కడి వాళ్ళ రోగాలు నయం చేసేదనీ స్థలపురాణం. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యు.డి. హార్సిలీ అనే దొర ఎండలకు తాళలేక ఇక్కడ వేసవి బంగళా కట్టుకున్నాడు. కొండకు ఆయన పేరే స్థిరపడింది. అంటే ఆరోగ్యం కోసం ఈ కొండ ఎక్కడం ఈనాటి మాట కాదన్నమాట.

కొండ ఎత్తు 4,000 అడుగులకు పైమాటే. వెయ్యి మీటర్లు పైకి వెళితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అందుకే కింద మదనపల్లెలో చెమట పట్టినా పైన శాలువా కావలసివస్తుంది. ఆక్సిజన్ సంగతి మాత్రం జనం అనుకునే దానికి తలకిందులు. కొండమీద ఆక్సిజన్ ఎక్కువని చాలామంది నమ్మకం. నిజానికి ఎత్తుకు వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది. ఈ ఎత్తులో సముద్రతీరంలో కంటే పది, పదిహేను శాతం తక్కువే దొరుకుతుంది. ఆరోగ్యవంతుడికి ఆ తేడా తెలియదు. పర్వత ప్రాంతాల్లో వచ్చే ఎత్తు జబ్బు సాధారణంగా 8,000 అడుగులు దాటితే గాని రాదు. కనుక ఇక్కడ భయం లేదు. దుమ్ము, పొగ తక్కువ, అదే ఇక్కడి గాలిలోని సుగుణం.

మేము ముందుగా కల్యాణి అని పేరున్న పెద్ద నీలగిరి చెట్టును చూశాం. తల వెనక్కి వాల్చి చూసినా చివర అందదు. అక్కడొక తల్లి రాలిన ఆకులు ఏరుతూ, "నీలగిరి తైలం పిల్లలకు రెండు చుక్కలు తాగిస్తే జలుబు పోతుందట కదండీ" అని మా ఆవిడను అడిగింది. వద్దమ్మా, వద్దు! ఆ తైలం కొద్దిగా కడుపులోకి పోయినా పసిపిల్లలకు మూర్ఛ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. తైలం సీసా పిల్లలకు అందని చోట పెట్టండి.

అక్కడి నుంచి గంగోత్రి చెరువు దాకా మెల్లగా నడిచాం. ఎంత మెల్లగా అంటారా? పక్క మనిషితో మాట్లాడుతూ నడవగలగాలి. మాట తెగుతున్నదంటే వేగం ఎక్కువైనట్టు. ఎక్కేటప్పుడు గుండెకు శ్రమ, దిగేటప్పుడు మోకాళ్ళకు శ్రమ. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు దిగేటప్పుడు చేతికర్ర పట్టుకుని చిన్న అడుగులు వేయాలి. మేము నడిచిన గంటలోనే ఒక వ్యానులోని జనం దిగి, ఫోటోలు తీసుకుని, కొండంతా చూసేశామని వెళ్ళిపోయారు! పాపం, బజారులో ఉరుకులు పెట్టినట్టే కొండమీదా పెట్టారు.

మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా చెట్టు కింద పెరుగన్నం, మాగాయ ముక్క. చక్కెర వ్యాధికి మందులు వాడేవారు విహారయాత్ర పేరుతో భోజనం వేళ తప్పించరాదు. మాత్రలు పెట్టెలో కాదు, చేతిసంచిలో ఉండాలి. అన్నట్టు, సంచి మీద కోతులు కన్నేస్తాయి, జాగ్రత్త. వాటికి చేత్తో తిండి పెట్టకండి. కోతి కరిచినా, గీరినా పదిహేను నిమిషాలు సబ్బు నీళ్ళతో కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్ళి రేబిస్ టీకా సంగతి చూడాలి.

గాలిబండ మీద

సాయంత్రం గాలిబండకు వెళ్ళాం. పేరుకు తగ్గట్టు అక్కడ గాలి మనిషిని నెట్టేస్తుంది. ఎదురుగా లోయ, నీలంగా మసకబారిన గుట్టలు, చెరువుల మీద ఎర్రటి వెలుగు. మేమిద్దరం చాలాసేపు మాట లేకుండా కూర్చున్నాం.

మా పక్కనే ఒక పెద్దాయన మఫ్లరు చుట్టుకుని కూర్చుని దగ్గుతున్నాడు. కొడుకు వీపు రాస్తున్నాడు. అడిగితే, రెండు నెలలుగా దగ్గు, సాయంత్రాలు జ్వరం, మనిషి చిక్కిపోయాడని చెప్పాడు. "గాలి మారితే సర్దుకుంటుందని పది రోజులకు గది తీసుకున్నాం సార్" అన్నాడు. కళ్ళె పరీక్ష చేయించారా అంటే లేదన్నాడు.

ఆ కుటుంబం నమ్మకానికి ఒక చరిత్ర ఉంది. మదనపల్లెకు దగ్గరలోనే ఆరోగ్యవరం శానిటోరియం ఉంది. 1915లో క్షయరోగుల కోసం వెలసిన ఆ సంస్థకు డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ ఫ్రిమొడ్ట్ మొల్లర్ సారథి. క్షయకు కారణమైన క్రిమిని రాబర్ట్ కాక్ 1882లోనే కనిపెట్టినా దాన్ని చంపే మందు అప్పటికి లేదు. మంచి గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు, ఇవే చికిత్స. కొందరు కోలుకునేవారు, చాలామంది కోలుకునేవారు కారు. 1940లలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాక కథ మారింది. 1956లో మద్రాసులో ప్రారంభమైన క్షయ పరిశోధన కేంద్రంవారు కొందరు రోగులకు శానిటోరియంలోనూ, కొందరికి ఇరుకైన ఇళ్ళలోనూ అవే మందులిచ్చి చూశారు. ఇంట్లో ఉన్నవారికీ దాదాపు అంతే బాగా నయమైందని 1959లో లోకానికి చాటారు. రోగాన్ని నయం చేసింది గాలి కాదు, క్రమం తప్పకుండా వేసుకున్న మందు.

ఇదంతా ఆ అబ్బాయికి రెండు మాటల్లో చెప్పి, మర్నాడే కిందికి దిగి ప్రభుత్వాసుపత్రిలో కళ్ళె పరీక్ష చేయించమన్నాను. వారం తరువాత ఫోను వచ్చింది. కళ్ళెలో క్రిములు కనిపించాయి, మందులు మొదలుపెట్టారు. ఇంట్లో మిగతా వారికీ పరీక్షలు చేయిస్తున్నారు. ఆ పది రోజులూ కొండమీదే ఉండిపోతే పెద్దాయన జబ్బు ముదిరేది, పక్కనున్న మనవళ్ళకు కూడా అంటుకునే ప్రమాదం ఉండేది.

కనుక పాఠకులు గుర్తుంచుకోవలసింది ఇది. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, కళ్ళెలో రక్తం, వీటిలో ఏది కనిపించినా ముందు పరీక్ష, తరువాతే ప్రయాణం. క్షయకు ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్షలూ, మందులూ ఉచితం. మామూలు క్షయకు సాధారణంగా ఆరు నెలల కోర్సు. రెండు నెలలకే ఒళ్ళు తేలికైందని మానేస్తే క్రిములు మొండికేస్తాయి. నడిస్తే ఛాతీ బిగపట్టేవారు, ఈమధ్యనే గుండెపోటు వచ్చినవారు, రక్తపోటు అదుపులో లేనివారు డాక్టరు అనుమతి లేకుండా కొండ ప్రయాణం పెట్టుకోరాదు. ఉబ్బసం ఉన్నవారు చల్లగాలికి ముక్కు, నోరు కప్పుకుని, పీల్చే మందు జేబులో ఉంచుకోవాలి.

మరి కొండ ఇచ్చేది ఏమీ లేదా? ఎందుకు లేదు! ఆ రోజు మేము సుమారు ఐదు కిలోమీటర్లు నడిచాం, వేళకు తిన్నాం, టీవీ చూడలేదు. రాత్రి తొమ్మిదిన్నరకే పడుకుంటే తెల్లవారి పిట్టల కూతకు గాని మెలకువ రాలేదు. ఏళ్ళ తరబడి ఆస్పత్రి, వంటిల్లు తప్ప మరో మాట లేని మా ఇద్దరికీ చెప్పుకోవడానికి ఎన్నో కబుర్లు దొరికాయి. అలసిన శరీరానికి, విసిగిన మనసుకు అది తప్పకుండా మేలు చేస్తుంది. ఏడాదికి ఒక్కసారైనా భార్యాభర్తలిద్దరూ ఇటువంటి చోటికి వెళ్ళిరండి. వెళ్ళేటప్పుడు శాలువా, కాచిన నీళ్ళు, వేసుకుంటున్న మాత్రలు మాత్రం మరవకండి.