పిట్ట కొంచెం, జింకా కొంచెమే!

గద్వాల అనగానే మనకు చీరే గుర్తొస్తుంది. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెంటినీ కలిపే పనితనంలోనే ఉంది దాని గొప్పంతా. ఈసారి చీర కొనుక్కున్నాక ఆ ఊళ్లో ఏ పెరటి పక్కనైనా కాసేపు చెవి ఒగ్గండి. 'టువీ టువీ' అంటూ గింగిర్లెత్తేలా కూసేది దర్జీపిట్ట. బరువు పది గ్రాములు మించదు! ఆడపిట్ట ఆకు అంచుల్ని ముక్కుతో పొడిచి, ఆ చిల్లుల్లో దూదిపోగులు, సాలెగూటి దారాలు దూర్చి సంచీలా కుట్టేస్తుంది. గూడు అందులోనే. ముడి కూడా వెయ్యదండీ, పోగు కొస విచ్చుకుని అదే పట్టుకుంటుంది. మన జాకెట్లు కుట్టే దర్జీకి చూపించాలి!

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తి వెళ్లి, పాలిటెక్నిక్ కాలేజీకి చోటిచ్చిన రాజావారి ప్యాలెస్ చూసినా, అక్కడి చెట్లలోనూ ఈ కూతే.

నాగర్‌కర్నూలు, అచ్చంపేట దాటి మన్ననూరు చేరితే ఇక నల్లమల, అమ్రాబాద్ పులుల అడవి. అందులో ఉంటుంది మూషిక జింక. జానెడు పైన ఎత్తు, మూడు కిలోల బరువు, అంటే ఇంట్లో పిల్లంత. కొమ్ములుండవు. అసలు జింకల కుటుంబమే కాదంటారు శాస్త్రజ్ఞులు. పిట్టకున్న గొంతు దీనికి లేదు. పగలంతా తొర్రలోనో పొదలోనో నక్కి, రాత్రిపూట రాలిన పళ్లు ఏరుకు తింటుంది. ఒంటిమీది తెల్ల చుక్కలు, చారలు ఎండుటాకుల్లో కలిసిపోతాయి.

చిక్కంతా అక్కడే. పిట్టకు వెడల్పాటి ఆకు ఒకటి దొరికితే చాలు, గూడు పోతే ఇంకోటి కుట్టుకుంటుంది. ఈ జింకకు నేలమీది పొదే ఇల్లు. ఎండాకాలం అడవి అంటుకుంటే ఆ చాటు పోయినట్టే. వేటగాళ్ల భయం సరేసరి. పైగా అయిదు నెలలు మోసి ఒకటో, రెండో కంటుంది. అందుకే చట్టంలో దీన్ని పులితోపాటు మొదటి షెడ్యూలులో పెట్టారు. హైదరాబాదు నెహ్రూ జూపార్కులో 2010లో వీటి పెంపకం మొదలుపెట్టి, 2017 నుంచి అమ్రాబాద్ అడవిలో వదులుతూ వచ్చారు. అదీ ఒక్కసారిగా కాదు. ముందు కంచె వేసిన అడవి ముక్కలో ఉంచి అలవాటు చేశారు. కొత్త పెళ్లికూతురి వెంట నాలుగు రోజులు తోడు వెళ్తాం చూడండి, అలాగన్నమాట!

శ్రీశైలం వెళ్లే మనందరి దారీ ఇదే. పులిహోర, దద్దోజనం ఇంట్లోనే కలుపుకుని బయల్దేరండి. అడవిలో పొయ్యి రాజెయ్యొద్దు. జింక కనిపిస్తుందని పిల్లలకు మాటివ్వకండి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మన్ననూరు దగ్గర బళ్లు ఆపేస్తారు. అది బయటికొచ్చేది ఆ వేళకే.