రెండో సంతకం

2025 ఆగస్టులో బొమ్మసంద్రకు మెట్రో వచ్చాక మా అబ్బాయి ఆఫీసు నుంచి పెందలాడే ఇల్లు చేరుతున్నాడు. వాడి చేతికింద వేల కంప్యూటర్లున్నాయి. "అన్నింటినీ ఎప్పుడు సరిచేస్తావురా?" అనడిగాను.

"చెయ్యను నాన్నా. ఎలా ఉండాలో ఒకచోట రాసిపెడతాను. పప్పెట్, యాన్సిబుల్ లాంటి సాధనాలు ప్రతిదాన్నీ దాంతో పోల్చి, తేడా ఉన్నచోటే దిద్దుతాయి" అన్నాడు. ఈ దారికి 1993లో ఓస్లో విశ్వవిద్యాలయంలో మార్క్ బర్జెస్ సీఎఫ్‌ఇంజిన్‌తో నాంది పలికాడట.

నా మనసు 1995కు వెళ్లింది. అప్పుడు నేను కొత్త ఆఫీసరును. డిపాజిట్ల వడ్డీ పెరిగిందని సర్క్యులర్ వచ్చింది. మా బ్రాంచిలో మూడు కంప్యూటర్లు. దేని లెక్క దానిదే. రెండింట్లో మార్చి, మూడోది మరిచాను. ఒక పింఛనుదారుకు నెలల తరబడి తక్కువ వడ్డీ జమ అయింది. చివరకు ఆయనే కాగితం మీద లెక్కకట్టి తెచ్చారు. తేడా చెల్లించాం. కానీ ఆయన ఎదుట తలదించుకున్న క్షణం ఇప్పటికీ ముల్లులా గుచ్చుతుంది.

"మరి నువ్వు రాసిందే తప్పయితే?"

వాడు నవ్వలేదు. "వేల కంప్యూటర్లూ ఒక్కసారే తప్పుతాయి. అందుకే ఇంకొకరు చదివి సరేనంటేనే ముందుకెళుతుంది. అదీ మొదట కొన్నింటి మీదే."

అది మా బ్యాంకుల పాత సూత్రమే: రాసేవారొకరు, సరిచూసేవారొకరు. ఆనాటి రద్దీలో రెండు చోట్లా నేనే సంతకం పెట్టాను. ముప్పై ఏళ్లుగా ఇంట్లో ఎవరికీ చెప్పని ఆ మాట, ఆ రాత్రి వాడికి చెప్పాను.