ఆ బొమ్మ ఎలా అచ్చయిందో అడిగావా వదినా?

ఏం వదినా, సింధు వాళ్ళ కొత్త ఫ్లాట్ హాల్లోకి వైకుంఠం గారి బొమ్మ కొంటున్నావట! ఇరవై ఎనిమిది వేలా? ఏదీ, ఫోను ఇలా ఇవ్వు చూస్తాను. గోడ మీద పెట్టకు తల్లీ, జారి మా కుండీల్లో పడుతుంది.

అబ్బ, బొమ్మ బాగుంది. ఎర్రచీర, నుదుటి మీద ఇంతేసి బొట్టు, ముక్కెర, కొప్పులో పూలు. తోట వైకుంఠం అనగానే ఈ తెలంగాణ ఆడవాళ్ళే కదా కళ్ళముందుకొచ్చేది. 'దాసి' సినిమా చూశావుగా, నర్సింగరావు గారిది? దానికి కళాదర్శకుడు ఈయనే. జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఆయన స్వయంగా రంగులేసిన పెయింటింగ్ కొనాలంటే లక్షల్లో మాట. మనబోటి వాళ్ళం ప్రింటు దగ్గరే ఆగుతాం. అందులో తప్పేం లేదు.

కానీ అమ్మేవాడు ఏమన్నాడు? "ఒరిజినల్ లిమిటెడ్ ఎడిషన్ మేడమ్, సర్టిఫికెట్ కూడా ఇస్తాం" అన్నాడా? మరి అది ఎలా అచ్చయిందో అడిగావా? అడగలేదూ! ముందు అడగాల్సింది అదే వదినా.

నీకు తెలుసుగా, మా ఆయన పటాలు కట్టే షాపులో మధ్యాహ్నం పూట కౌంటర్ దగ్గర కూచునేది నేనే. దేవుడి పటాలు, పెళ్ళి ఫొటోలతో పాటు ఇలాంటి బొమ్మలూ వచ్చేవి. కట్టే ముందు ఆయన లెన్సు పెట్టి చూసి, నన్నూ చూడమనేవారు. అలా అబ్బింది ఈ కాస్త జ్ఞానం. బజార్లో 'ప్రింటు' అని అమ్మేవి మూడు రకాలు. మూడింటికీ పేరొకటే, ధరలు మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. పేచీ అంతా అక్కడే.

మొదటి రకం, ఆర్టిస్టు తన చేత్తో రేకు మీదో రాయి మీదో చెక్క మీదో గీసి తీసిన ప్రింటు. దాని వెనక వేరే పెయింటింగ్ ఉండదు. మన లక్ష్మాగౌడ్ గారున్నారు చూడు, మెదక్ జిల్లా నిజాంపూర్ ఆయనది, 2016లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయనా వైకుంఠం గారూ ఇద్దరూ హైదరాబాద్‌లో చదివి తర్వాత బరోడా వెళ్ళినవాళ్ళే. లక్ష్మాగౌడ్ గారి ఎచింగులు ఒకటి రెండు మా షాపుకొచ్చాయి. పల్లెటూరి ఆడామగా, మేకలు, చెట్లు, అన్నీ వెంట్రుకంత సన్నటి గీతలతో. చూస్తే కళ్ళు తిప్పుకోలేం.

అదెలా చేస్తారంటే, రాగి రేకో జింకు రేకో తీసుకుని మైనంలాంటి పూత పూస్తారు. సూదితో దాని మీద బొమ్మ గీస్తారు. గీసినచోట పూత లేచిపోయి రేకు బయటపడుతుంది. అప్పుడు యాసిడ్‌లో ముంచితే, ఆ గీతలున్నచోట మాత్రం రేకును తినేస్తుంది. పూత కడిగేసి, రేకంతా ఇంకు రుద్ది, పైపైన గుడ్డతో తుడిచేస్తే గాడుల్లో మాత్రం ఇంకు నిలిచిపోతుంది. తడిపిన మందపాటి కాగితాన్ని దాని మీద వేసి ప్రెస్సు రోలరు కింద నడిపిస్తే, కాగితం ఆ గాడుల్లోకి దిగి ఇంకును లాక్కుంటుంది. బొమ్మ కుడిఎడమలు తారుమారై పడుతుంది. రెండో ప్రింటు కావాలంటే మళ్ళీ ఇంకు రుద్దాలి, మళ్ళీ తుడవాలి. యాభై తీస్తే యాభైసార్లు ఇదే చాకిరీ.

"అయితే యాభై కాపీలేగా" అంటావా? అదే పొరపాటు. నువ్వు ఒకే పిండితో, ఒకే చేత్తో వత్తిన అప్పడాల్లో అసలు అప్పడం ఏది, నకలు ఏది? అన్నీ అసలువే. ఇవీ అంతే. ఒకదాంట్లో ఇంకు కాస్త ముదురు, ఒకదాంట్లో కాస్త లేత, అంతవరకే తేడా.

ఈ విద్యలో ప్రపంచం చెప్పుకునే పేరు మన తెలుగాయనదే, అది తెలుసా? కృష్ణారెడ్డి గారు. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో చదువుకుని, లండన్ వెళ్ళి, పారిస్‌లో హేటర్ అనే ఆయన నడిపే అటెలియే 17 అనే ప్రింటు స్టూడియోలో చేరారు. అంతకు ముందు రంగుల ఎచింగంటే రంగుకో రేకు, లేదా ఒకే కాగితాన్ని మళ్ళీ మళ్ళీ ప్రెస్సులో పెట్టడం. వీళ్ళు ఒకే రేకు మీద రంగులన్నీ ఎక్కించి, ఒక్క నడకలో తీసే పద్ధతి పట్టారు. కిటుకంతా ఇంకు చిక్కదనంలో ఉంది. ఒక ఇంకులో అవిసె నూనె ఎక్కువ కలిపి పల్చగా చేస్తారు, ఇంకోదాన్ని చిక్కగా ఉంచుతారు. రెండూ ఒకదాంతో ఒకటి కలవవు. రేకులో ఎత్తుపల్లాలు చెక్కుతారు. గట్టి రోలరు మిట్టల మీదే నడుస్తుంది, మెత్తటి రోలరు పల్లాల్లోకి దిగుతుంది. ఆయన మొదట శిల్పి కదా, రేకును కూడా శిల్పంలాగే చెక్కేవారు. 1963లో చేసిన 'వర్ల్‌పూల్' అనే సుడిగుండం బొమ్మ ఇంటర్నెట్‌లో చూడు, నీలాలూ ఆకుపచ్చలూ ఎలా తిరుగుతాయో! తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడి, అక్కడి యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. 2018లో పోయారు. మన పిల్లలకు ఆయన పేరే తెలీదు.

ఉండు, కుక్కరు కూతేస్తోంది. కట్టేసొస్తా.

ఆఁ, ఎక్కడున్నాం? రెండో రకం సెరిగ్రాఫ్. శుభలేఖలకు స్క్రీన్ ప్రింటింగ్ చేయిస్తాం చూడు, అదే పద్ధతి. ఆర్టిస్టు పెయింటింగ్ వేస్తారు. స్టూడియోవాళ్ళు దాన్ని రంగురంగుగా విడదీసి, రంగుకో స్క్రీను తయారుచేసి, ఒక్కో రంగూ ఆరాక ఇంకోటి వేస్తారు. ఆర్టిస్టు చూసి, ఈ ఎరుపు కాదు ఇంకాస్త కాషాయం కావాలని సరిచేయించి, చివరికి కింద సంతకం పెడతారు. వైకుంఠం గారివీ, హుస్సేన్ గారివీ బజార్లో కనబడే మంచి ప్రింట్లలో చాలామటుకు ఇవే. అసలు గీత ఆయన పెయింటింగ్‌లో ఉంది, ప్రింటు తీసింది స్టూడియో, ఒప్పుకున్నది ఆయన. ఈ మూడు ముక్కలూ చెప్పి అమ్మితే అది నిజాయితీ గల బేరం.

మూడోది, పెయింటింగ్‌ను ఫొటో తీసి మెషీన్లో కొట్టినది. పెద్ద ఎత్తున కొడితే పోస్టరు. మంచి కాగితం మీదో కాన్వాసు మీదో ఇంక్‌జెట్లో తీస్తే 'జిక్లే' అని ముద్దుపేరు పెట్టి అమ్ముతారు. 1990ల మొదట్లో అమెరికాలో ఒక ప్రింటరు పెట్టిన పేరది. ఇదేం నేరం కాదు. పోస్టరును పోస్టరు ధరకి కొని గోడకు పెట్టుకుంటే నిక్షేపంగా ఉంటుంది. పోస్టరును సెరిగ్రాఫ్ ధరకి అంటగడితేనే మోసం.

ఎలా కనిపెట్టాలా? నగల షాపువాళ్ళ దగ్గర పదింతలు చేసి చూపే లెన్సు ఉంటుంది చూడు, అది చాలు. చెంప మీది రంగు దగ్గర పెట్టి చూడు. పువ్వులా గుండ్రంగా పేర్చిన నాలుగు రంగుల చుక్కలు కనబడ్డాయంటే ఆఫ్‌సెట్, అంటే పోస్టరే. పొడి చల్లినట్టు సన్నటి తుంపర కనబడితే ఇంక్‌జెట్. సెరిగ్రాఫ్ అయితే చుక్కలుండవు. రంగు నిండుగా పరుచుకుని ఉంటుంది, ఒక రంగు మీద ఇంకోటి ఎక్కినచోట అంచు తెలుస్తుంది. ఎచింగ్ అయితే బొమ్మ చుట్టూ రేకు అంచు కాగితంలోకి అణిగిన గీత వేలికి తగులుతుంది, ఇంకు గీతలు కాగితం మీద కాస్త ఉబ్బి ఉంటాయి.

"సంతకం ఉందిగా, నంబరుందిగా" అంటున్నావు. ఉన్నాయిలే. ఎడమ పక్క 12/50 అని ఉందంటే మొత్తం యాభైలో పన్నెండోదని. ఏ.పి. అని ఉంటే ఆర్టిస్టు తనకోసం ఉంచుకున్న ప్రతి. చిన్న నంబరైతే ఎక్కువ విలువ అంటారు గానీ అంత పట్టింపేం అక్కర్లేదు. సంతకాలు పెట్టే క్రమమూ ప్రింటు తీసిన క్రమమూ ఒకటే కానవసరం లేదు. మొత్తం ఎన్ని తీశారన్నది ముఖ్యం. పద్ధతి గల వాళ్ళైతే లెక్క పూర్తయ్యాక రేకు మీద అడ్డగీత కొట్టేస్తారు, మళ్ళీ తీయడానికి వీల్లేకుండా.

సంతకం సాధారణంగా పెన్సిల్‌తో ఉంటుంది. కాగితాన్ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే పెన్సిల్ గీత కొంచెం మెరుస్తుంది, నొక్కిన జాడ తెలుస్తుంది. బొమ్మతో పాటు అచ్చయిన సంతకానికి ఆ మెరుపుండదు, లెన్సులో చుక్కలు బయటపడతాయి. ఫోన్లో ఫొటో చూసి ఇవన్నీ ఎలా తెలుస్తాయి చెప్పు?

సంతకం నిజమైనా నమ్మకం లేదు వదినా. సాల్వదార్ దాలి అని స్పెయిన్ ఆయన, మెలితిప్పిన మీసాలాయన. ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేసేవాడు. 1974లో ఫ్రాన్స్ కస్టమ్స్ వాళ్ళు ఒక లారీని ఆపితే, దాదాపు 40,000 ఖాళీ కాగితాలు దొరికాయి, అన్నిటి మీదా దాలి సంతకం! వాటి మీద ఎవడేం అచ్చు వేసుకున్నాడో ఎవడికి తెలుసు? అందుకే ఇవాళ్టికీ దాలి ప్రింటంటే కొనేవాళ్ళు ఒకటికి పదిసార్లు ఆలోచిస్తారు. సంతకం అసలుదే, బొమ్మకీ ఆయనకీ మాత్రం సంబంధం లేదు.

సర్టిఫికెటా? అమ్మేవాడే కంప్యూటర్లో కొట్టి, అమ్మేవాడే సంతకం పెట్టిందా? దాంతో ఏం ఒరుగుతుంది? అందులో బొమ్మ పేరు, ఏ ఏడాది తీశారు, ఏ పద్ధతిలో, కాగితం కొలత, మొత్తం ఎన్ని, తీసిన స్టూడియో ఏది, ఇంతకు ముందు ఎవరి దగ్గరుంది, ఇవన్నీ ఉండాలి. మొదట గ్యాలరీలో కొన్న బిల్లు ఉంటే మరీ మంచిది. సాఫ్రనార్ట్ లాంటి వేలం సంస్థల పాత వేలాల వివరాలు ఇంటర్నెట్‌లో ఉంటాయి. అదే బొమ్మ అక్కడెప్పుడైనా అమ్ముడైతే కొలతా సంఖ్యా కలుస్తున్నాయో లేదో చూసుకో. అక్కడ యాభై అని ఉండి, వీడి దగ్గర 12/300 అని ఉంటే ఇంక మాట్లాడక్కర్లేదు.

లెక్క పెట్టి తీస్తేనే విలువ అని కూడా అనుకోకు. మీ అత్తగారింట్లో పూజగదిలో రవివర్మ లక్ష్మీదేవి పటం ఉండేదన్నావు కదా. 1894లో రవివర్మ బొంబాయిలో ప్రెస్సు పెట్టి, జర్మనీ నుంచి మెషీన్లు తెప్పించి, వేలకు వేలు కొట్టించాడు. నంబరూ లేదు, పెన్సిల్ సంతకమూ లేదు. కొందరు దేవతల చీరలకు జరీ, చమ్కీలు అతికించి పటం కట్టించుకునేవాళ్ళు. ఆనాటి ప్రతులను ఇవాళ సేకరించేవాళ్ళు వెతికి వెతికి కొంటున్నారు. ఆ పటం పారేయకండి, ముందు అది ఎప్పటిదో చూపించండి.

కొన్నాక పటం కట్టించడంలోనూ పాడుచేసేవాళ్ళున్నారు. ఫ్రేముకి సరిపోలేదని అంచు కత్తిరించేస్తారు, నంబరూ సంతకమూ ఉండేది ఆ అంచులోనే! కొందరు లామినేషన్ చేయించేస్తారు. ఇంక దాన్ని విడదీయలేం, కొనేవాడు ముట్టుకోడు. ఫెవికాల్‌తో అట్టకి అంటించడమూ అంతే. యాసిడ్ లేని మౌంటు బోర్డు వేయించాలి, గాజు కాగితానికి తగలకుండా మధ్యలో సందు ఉండాలి, లేకపోతే వానాకాలం చెమ్మకి గాజుకి అంటుకుపోతుంది. సింధు వాళ్ళ హాలుకి పడమటి ఎండ పడుతుందన్నావు, ఆ గోడకి మాత్రం వద్దు. ఎరుపు ముందు వెలుస్తుంది, ఆయన బొమ్మలో ఎరుపు పోతే ఇంకేం మిగిలింది?

నన్నడిగితే, ముందు మాదాపూర్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీకి వెళ్దాం. ఏ బొమ్మలు పెడితే అవి, దగ్గర నుంచి చూస్తే కాగితం, ఇంకు, గీత ఎలా ఉంటాయో కంటికి అలవాటవుతుంది. అప్పుడు వీడికి ఫోన్ చేసి అడుగు: సెరిగ్రాఫా, ఇంక్‌జెట్టా? ఏ స్టూడియోలో తీశారు? మొత్తం ఎన్ని? ఫ్రేము విప్పి చూపిస్తారా? గ్యాలరీవాళ్ళు ఎవరైనా కాదంటే డబ్బు వెనక్కిస్తామని బిల్లు మీద రాసిస్తారా? అన్నిటికీ తిన్నగా జవాబు చెప్పాడా, కొను, ఇరవై ఎనిమిది ఎక్కువేం కాదు. "ఇంకో పార్టీ అడ్వాన్స్ ఇస్తానంటోంది మేడమ్, సాయంత్రంలోగా తేల్చండి" అన్నాడా, ఫోన్ పెట్టేసెయ్.

అదీ కుదరకపోతే, ఫైనార్ట్స్ కాలేజీల్లో చదివి ప్రింట్లు తీసే పిల్లలు బోలెడుమంది ఉన్నారు. అదే డబ్బులో కొంత పెడితే వాళ్ళు సొంత చేత్తో తీసిన ఎచింగ్ వస్తుంది. పేరు లేదంటావా? నలభై ఏళ్ళ కిందట వైకుంఠం గారికీ ఇంత పేరు లేదు.

సరే, లెన్సు మా ఆయన దగ్గరుంది, పట్టుకొస్తా. శనివారం నీకు వీలేనా?