వేటతోడు

మనిషి కుక్కను ఎన్నుకొంటాడని లోకం అనుకొంటుంది. ఆ ఎన్నికలో కుక్కకు మాట లేదు కనుక ఈ అభిప్రాయానికి ఖండన లేకుండా పోయింది. కాని వేటకు తోడుగా ఒక కుక్కపిల్లను తెచ్చుకొన్నవాడు, కొన్ని సంవత్సరాలు గడచిన పిమ్మట వెనుకకు తిరిగి చూసుకొంటే, ఆనాడు పరీక్షకు నిలిచినది కుక్కపిల్లయా, తానా అన్న సందేహం కలుగక మానదు. జంషెడ్పూరులో, కద్మా పేటలో నివసించిన ఒక తెలుగు ఉద్యోగికి అటువంటి సందేహమే కలిగింది.

ఆయన తండ్రి శ్రీకాకుళం ప్రాంతం నుండి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చినవాడు. 1907లో స్థాపితమైన టాటా సంస్థ 1912లో తొలి ఉక్కు దిమ్మెను పోతపోసింది. తరువాతి దశాబ్దాలలో ఉత్తరాంధ్రం నుండి ఎన్నో కుటుంబాలు ఆ కొలిమి వెలుగును వెదుక్కొంటూ వెళ్లాయి. తండ్రి వెనుక కొడుకు అదే కర్మాగారంలో చేరాడు. తండ్రి విడిచిపోయిన వాటిలో ఒక జోడుగొట్టాల తుపాకి కూడా ఉన్నది. కద్మాకు దాపున ఖర్కాయీ నది పారుతుంది. అది కొంతదూరం పోయి సువర్ణరేఖలో కలుస్తుంది. సువర్ణరేఖ దాటితే దల్మా కొండలు. ఆ రోజులలో చలికాలపు ఆదివారాలు వస్తే, తుపాకి అనుమతి గలవారు తెల్లవారకముందే పొలాల గట్ల మీద ఉండేవారు. పొదలలో కౌజులు, తడిచేలలో ఉల్లంకి పిట్టలు, చెరువులలో బాతులు దొరికేవి.

దొరికేవి అనడం సగం సత్యం. కొట్టిన పక్షులన్నీ చేతికి రావు. ముండ్లపొదలో పడినది కనబడదు. రెక్క విరిగినది గడ్డిలో పాకి దాగుకొని, ఏ రాత్రివేళనో ప్రాణం విడుస్తుంది. వేటకు కుక్క అవసరమయ్యేది ఇక్కడే. ఎక్కువ చంపడానికి కుక్క కావాలని తెలియనివారు అనుకొంటారు. కొట్టినదానిని వృథాగా చావనీయకుండా వెదికి తేవడం దాని ముఖ్యధర్మం.

ఆయన ఈ ధర్మం తెలిసి మొదటి కుక్కను తెచ్చుకోలేదు. 1962లో కలకత్తాలో ఒక బజారులో బంగారువన్నె స్పానియల్ పిల్ల కనబడింది. పొడవైన చెవులు, తడికన్నులు. బేరం ఆడకుండా కొని, రైలులో ఒడిలో పెట్టుకొని తెచ్చాడు. దాని తల్లి ఎవరో, తండ్రి ఏ పని చేసినదో అడుగలేదు. ఏడవ నెలలోనే పొలానికి తీసుకొనిపోయి, దాని తలమీదుగా రెండు గొట్టాలూ పేల్చాడు. కుక్క అడ్డదిడ్డంగా పరుగెత్తి, సాయంకాలానికి ఎలాగో ఇల్లు చేరింది. ఆనాటి నుండి తుపాకి సంచి కనబడితే చాలు, మంచం కిందికి దూరి వణికేది. ఆయన బుజ్జగించాడు; విసిగాడు; ఒకనాడు కొట్టాడు కూడా. చివరకు పిల్లలు గల ఒక కుటుంబానికి దానిని ఇచ్చివేశాడు. "పిరికి జాతి" అని స్నేహితులతో చెప్పుకొన్నాడు. ఆ మాట మూడేళ్లపాటు ఆయనకు చాలా సుఖంగా ఉన్నది.

నిజానికి ఆ జాతి పిరికిది కాదు. స్పానియల్ అనే పేరు స్పెయిన్ దేశాన్ని సూచిస్తుంది. పదునాలుగవ శతాబ్దం చివర గాస్టన్ ఫీబస్ అనే ఫ్రెంచి ప్రభువు వేటను గురించి రాసిన గ్రంథంలోనే ఈ కుక్కల ప్రసక్తి ఉన్నది. తుపాకి రాకముందు ఇవి పొదలలో దాగిన పక్షులను లేపితే, పైనుండి డేగ పట్టుకొనేది. ఇంగ్లండులో పొదలనుండి పక్షిని ఎగయగొట్టే పెద్దవానికి స్ప్రింగర్ అనీ, వుడ్‌కాక్ అనే అడవిపక్షి వేటలో పనికివచ్చే చిన్నవానికి కాకర్ అనీ పేర్లు వచ్చాయి. ఒకప్పుడు ఒకే ఈతలో పుట్టిన పిల్లలలో పెద్దవి స్ప్రింగర్లు, చిన్నవి కాకర్లు అయ్యేవి. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దంలో గాని అక్కడి కెన్నెల్ క్లబ్బు వీటిని వేరువేరు జాతులుగా లెక్కించలేదు. పొద అంటే భయపడని ప్రాణి ఇది. మందలింపు అంటే మాత్రం కుంగిపోతుంది. దాని ధైర్యమూ సుకుమారమూ ఒకే గుండెలో ఉంటాయి. ఈ సంగతి తెలియనివాడు దానిని సులభంగా పాడుచేయగలడు.

1966 చలికాలం ముగిసేవేళ, కద్మాలోనే ఉద్యోగవిరమణ చేసిన ఒక తెలుగు ఫోర్‌మన్ ఇంట స్పానియల్ ఐదు పిల్లలను ఈనిందని తెలిసి ఆయన వెళ్లాడు. పిల్లలకు ఎనిమిది వారాలు. పెద్దాయన వాటిని చూపించలేదు.

"పిల్లలను తరువాత చూద్దువుగాని బాబూ, ముందు తల్లిని చూడు. తల్లి పనిచేస్తుంటే చూడనివాడు పిల్లను ఎన్నుకోవడమూ, చీటీ తీయడమూ ఒకటే."

"మంచి వంశపత్రం ఉన్నదని విన్నాను, బాబాయిగారూ."

"దల్మా మీదికి సేంద్రా వేటకు పోయేవాళ్ల కుక్కలకు ఏ కాగితాలున్నాయి? కాగితం తాతల పేర్లు చెబుతుంది. పొదలోకి దూరేది కాగితం కాదు."

ఇద్దరూ తల్లికుక్కను ఖర్కాయీ ఒడ్డుకు తీసుకొనిపోయారు. అది యజమానికి పాతిక గజాలు మించి దూరం పోకుండా, ఎడమకూ కుడికీ అల్లుకొంటూ, ప్రతి తుప్పనూ మూచూసింది. ఈల ఒకసారి మోగగానే ఉన్నచోటనే కూర్చున్నది. తిరిగి వచ్చేటప్పుడు పెద్దాయన అడిగాడు:

"నీ మొదటి కుక్క ఏమైంది?"

"పిరికిది, బాబాయిగారూ. ఇచ్చేశాను."

"పుట్టుకతో పిరికిదా, నీ దగ్గరికి వచ్చాక పిరికిదయిందా?"

ఆయన సమాధానం చెప్పలేదు. ఇల్లు చేరేదాకా పెద్దాయన కూడా మరల అడుగలేదు.

అప్పుడు పిల్లలను వదిలారు. ఒకటి అన్నిటినీ తోసి పాలపళ్లెం ఆక్రమించింది. చూపరులు మెచ్చేది దానినే. ఒకటి గోడమూలకు చేరి కదలలేదు. పెద్దాయన తాళపుచెవుల గుత్తిని వెనుకనుండి గచ్చు మీద పడవేశాడు. పాలపళ్లెం వీరుడు తలెత్తలేదు. మూలనున్నది మరింత ముడుచుకొన్నది. నల్లమచ్చల ఆడపిల్ల ఒకటి ఉలిక్కిపడి రెండడుగులు వెనుకకు గెంతింది; క్షణం నిలిచింది; మెల్లగా వచ్చి గుత్తిని వాసన చూసి, నోట కరచుకొన్నది.

"బెదరనిదాన్ని వెదకకు," అన్నాడు పెద్దాయన. "బెదిరి తిరిగివచ్చేదాన్ని వెదుకు."

తరువాతి పరీక్షలు చిన్నవి. చుట్టిన మేజోడును విసరితే అది పరుగెత్తి పట్టుకొన్నది. తల్లివైపు పోబోయి, ఆయన మోకాళ్ల మీద కూర్చుని పిలువగా ఆయన వద్దకు తెచ్చింది. వెల్లకిల పట్టుకొంటే కొంచెం గింజుకొని, నెమ్మదించి, ముఖంలోకి చూసింది. కళ్లు తేటగా, చెవులు దుర్వాసన లేకుండా, పళ్లవరుస సరిగా ఉన్నవో లేదో చూసి, పెద్దాయన పిల్లను చేతికిచ్చాడు. ఒక్కటే షరతు: ఏడాది నిండేదాకా దానికి తుపాకి చూపరాదు.

దానికి చుక్క అని పేరు పెట్టారు. ఆ సంవత్సరంలో ఎవరికి శిక్షణ జరిగిందో చెప్పడం కష్టం. పిలిచినప్పుడు రావడం, ఈలకు కూర్చోవడం, వదలుమన్నప్పుడు వదలడం చుక్క నేర్చుకొన్నది. కోపం వచ్చినప్పుడు ఈల జేబులో వేసుకొని ఇంటికి తిరిగిపోవడం ఆయన నేర్చుకొన్నాడు. కర్మాగారపు కూత దానికి ఊయలపాట వంటిది; చప్పుడుకు అలవాటుపడడానికి ఆ ఊరే సగం సాయం చేసింది. మిగిలిన సగం నెమ్మదిగా జరిగింది. అన్నం తినేవేళ దూరాన పళ్లెం మోగించడం, తరువాత నూరు గజాల అవతల పిల్లల టోపీ తుపాకి పేల్చడం, చప్పుడు వెనుక ఎప్పుడూ ఏదో ఒక ఆనందం ఉండేటట్లు చూడడం. ప్రతి నడక తరువాత పొడవైన చెవులు ఎత్తి, గడ్డిముండ్లు ఏరవలసి ఉండేది. వేసవిలో సూర్యోదయానికి ముందే పని ముగించవలసి ఉండేది.

రెండవ చలికాలంలో, దల్మా పాదాన, ఆయన ఒక కౌజును కొట్టాడు. అది ముండ్లపొదలో పడింది. చుక్క లోపలికి దూరి చాలాసేపు కనబడలేదు. బయటికి వచ్చినప్పుడు దాని ముక్కు మీద నెత్తురుగీతలు, నోట కౌజు. ఈక నలుగలేదు. పక్షి బ్రతికే ఉన్నది. చుక్క దానిని ఆయన అరచేతిలో పెట్టి, మెప్పుకోసం ఎదురుచూసింది. ఇదివరలో పొదలలో ఎన్ని పక్షులు ఇలా వేడిగా, గుండె కొట్టుకొంటూ పడివున్నవో ఆయనకు అంతవరకు తెలియదు. ఆ ప్రాణాన్ని ముగించవలసిన పని ఆయన చేతికే వచ్చింది. మంచి కుక్క వేటగానికి సుఖమే ఇస్తుందని అనుకోవడం పొరపాటు. అతడు చేసిన పనిని తెచ్చి అతని చేతిలోనే పెడుతుంది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కొన్ని పక్షులకు అనుమతిపత్రం మీద వేట సాగే అవకాశం 1991 సవరణ దాకా మిగిలి ఉండినది. కాని ఆయన ఆ అవకాశాన్ని కోరలేదు. తుపాకిని అప్పగించివేశాడు. కొన్నేళ్లకే దల్మా అభయారణ్యమయింది. చుక్కకు అప్పటికి ఆరేళ్లు. చట్టం దానికి తెలియదు. తెల్లవారేసరికి గుమ్మంలో నిలిచి ఉండేది. ఏ పనికోసం ఒక ప్రాణిని ఎన్నుకొన్నామో ఆ పని ముగిసిననాడు ఆ ప్రాణిని ఏమి చేయాలి? ఈ ప్రశ్నకు వేట పుస్తకాలలో జవాబు తక్కువ. ఆయన మేజోడులో దూది కుట్టించి, ఖర్కాయీ ఒడ్డున తుప్పలలో దాచి, ఈల ఊదేవాడు. చుక్క అదే శ్రద్ధతో వెదికి, అదే మెత్తని నోటితో తెచ్చేది. దాని పని వెదకడం, తేవడం. చంపడం ఎన్నడూ దాని పని కాలేదు.

తుపాకి అప్పగించిన వారంలోనే ఆయన మరొక ఇంటి తలుపు తట్టాడు. బంగారువన్నె కుక్క ముసలిదై, వసారాలో పడుకొని ఉన్నది. ఆయనను చూసి లేచింది. గోడవరకు వెనుకకు జరిగింది. ఆయన పిలువలేదు. చెప్పులు విడిచి, నేలమీద కూర్చుని, ఖాళీచేతులు మోకాళ్ల మీద పెట్టుకొన్నాడు. ఇంటివారు కాఫీ తెచ్చి పెట్టారు, అది చల్లారిపోయింది. చాలాసేపటికి ఆ కుక్క అడుగులో అడుగు వేసుకొంటూ వచ్చి, ఆయన వేళ్లను వాసన చూసి, పక్కన కూర్చున్నది.

పెద్దాయన అడిగిన ప్రశ్నకు సమాధానం ఆయనకు అప్పుడు దొరికింది. మరునాడు ఉదయం వెళ్లి చెప్పివచ్చాడు.